తల్లి ఫౌత్

తప్పంతా చట్టం మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవాలని నాకు చాలా రోజులు ఆశగా ఉండేది. సర్కారును తిట్టడం సులువు. ఎవరూ అడ్డం రారు, పైగా పక్కవాడు బీడీ వెలిగించి ఇచ్చి మరీ వింటాడు. మెట్‌పల్లి బజారులో అలా కూచుని ఆ కొత్త చట్టాన్ని నేను తిట్టని తిట్టు లేదు. కాని ఆ చట్టం చెడ్డది కాదు. మా దగ్గర దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి చెప్పగలను. చెడ్డది నేను రాసిన ఒక్క మాట.

నా పేరు ముత్యం. మావాళ్లు మగ్గం నేసేవాళ్లు. నాకు మాత్రం నిజాం కాలపు బడిలో ఉర్దూ బాగా అబ్బింది. ఆ ఉర్దూ నన్ను మగ్గం గుంతలోంచి లేపి తహసీలు కచేరిలో నకళ్లు రాసే పనిలో కూచోబెట్టింది. పోలీసు చర్య తర్వాత ఆ పని పోయింది. అప్పుడు నిర్మలాదేవి దొరసాని కబురు పంపి తన శరణాలయంలో మున్షీగా పెట్టుకుంది. ఉత్తరాలు రాయడం, పిల్లల రిజిస్టరు ఉంచడం నా పని. పేరుకు మున్షీనే గాని జ్వరం వచ్చిన పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తేదీ నేనే, పేలు పడితే గుండు గీకేవాణ్ని పిలుచుకొచ్చేదీ నేనే.

దొరసానికి పిల్లలు లేరు. భర్త పోయాక బంధువులంతా హైదరాబాదు చేరారు. ఆమె ఒక్కతే దొరల పాత భవంతి అయిన గడి వెనక భాగంలో ఉండిపోయి, ఒకప్పుడు దొర కచేరి నడిపిన పొడవాటి సావడిలో పిల్లలను పెంచడం మొదలుపెట్టింది. ఎవరి పిల్లలంటే, ఎవరూ మా పిల్లలని చెప్పుకోలేని పిల్లలు. పెళ్లి కాకుండా పుట్టినవాళ్లు, భర్త పోయిన రెండేళ్లకు పుట్టినవాళ్లు. అంతకుముందు ఆ బిడ్డలు ఏమయ్యేవారో చుట్టుపక్కల బావులకు తెలుసు. దొరసాని మంచిది. కోపం ఎక్కువ, మాట కరుకు, నేనెదురు చెప్పడానికి వీలులేని మనిషి. అయినా మంచిదే.

ఆమె పెట్టిన ఆచారం ఒకటుండేది. బిడ్డను తెచ్చిన తల్లి పెరటి బావి దగ్గర నిలబడాలి. దత్తత ఇచ్చేటప్పుడు నీళ్లు విడిచినట్టు, దొరసాని ఆమె దోసిట్లో నీళ్లు పోసేది. ఆ తల్లి "గీ బిడ్డ నాది గాదు, నేను గనలే" అని ఆ నీళ్లు నేలకు వదిలి, తలమీద నుంచి స్నానం చేసి, తడిబట్టలతోనే వెనక్కి చూడకుండా పోవాలి. ఎవరైనా చనిపోతే చేసే స్నానం అది. ఆ తల్లి అక్కడితో చనిపోయినట్టే లెక్క. ఊళ్లో ఎక్కడైనా ఎదురుపడినా దొరసాని గాని నేను గాని ఆమెను గుర్తుపట్టేవాళ్లం కాదు. అందువల్లే కదా వాళ్లు మళ్లీ బతకగలిగారు, కొందరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి.

తల్లి వెళ్లిపోయాక నేను రిజిస్టరు తెరిచి రాసేవాణ్ని. తండ్రి పేరుండే గడిలో నామాలూమ్, అంటే తెలియదని; తల్లి పేరుండే గడిలో ఫౌత్. పట్టాదారు చనిపోతే రెవెన్యూ కాగితాల్లో రాసే మాట అది. కచేరిలో వందలసార్లు రాసిన చెయ్యి కాబట్టి ఇట్టే పడిపోయేది. పద్దెనిమిది మంది పిల్లలు, పద్దెనిమిది ఫౌత్‌లు. ఇది అబద్ధం అని నాకు ఒక్కసారైనా అనిపించలేదు. ఆడమనిషి పేరు కాపాడుతున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

లింగవ్వ వచ్చింది యాభై ఏడులో, వానాకాలంలో. ఇబ్రహీంపట్నం దిక్కు ఊరు. పంతొమ్మిదేళ్లకే భర్త పోయాడు, ఆ తర్వాత మూడేళ్లకు కడుపు వచ్చింది. ఎవరివల్లనో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. అన్నలకు సంగతి తెలియకుండా, నాట్ల పనికని చెప్పి దూరం పోయి, ఒక ముసలామె ఇంట్లో కని, ఇరవై రోజుల బిడ్డను తెచ్చింది. అందరిలాగే నీళ్లు వదిలింది, స్నానం చేసింది. కాని వెళ్లిపోలేదు. గడి గోడ బయట సాయంత్రం దాకా కూచుంది. లోపల పాలులేక ఏడ్చే బిడ్డలు అప్పుడు ముగ్గురు. దొరసాని బయటికి వచ్చి, "ఉంటె ఉండు. అందర్కీ పాలియ్యి. గని ఏ ఒక్కదాన్ని నాదనొద్దు. అంటె గదే రోజు ఎల్లగొడత," అంది.

లింగవ్వ ఆరేళ్లు ఆ మాట నిలబెట్టుకుంది. అన్నలకు గడిలో వంటపని అని చెప్పుకుంది. బిడ్డకు నర్మద అని పేరు పెట్టింది దొరసాని. ఆ పిల్ల కూడా తక్కినవాళ్లలాగే ఆమెను లింగవ్వా అని పేరు పెట్టి పిలిచేది. పళ్లెంలో ఒక ముద్ద ఎక్కువ వేయడం, పండగకు మంచి గుడ్డ దాచడం, ఇలాంటివి ఆమె ఎప్పుడూ చేయలేదు. నేను కనిపెట్టింది ఒకే ఒక్కటి. పిల్లలకు తల దువ్వేటప్పుడు నర్మదను చివర కూచోబెట్టుకునేది. వెనక ఎవరూ లేరు కాబట్టి ఎంతసేపు దువ్వినా అడిగేవాళ్లుండరు.

అరవై మూడు వేసవిలో సమితి ఆఫీసు నుంచి మాకు నోటీసు వచ్చింది. అంతకుముందు మాకున్నది తాలూక్‌దారు ఎప్పుడో ఇచ్చిన ఒక ఇజాజత్‌నామా, అంటే అనుమతి పత్రం. రజాకార్ల గొడవ ముందటి ముద్ర ఉన్న కాగితం అది. తర్వాత హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు వచ్చింది, దవాఖాన ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారింది. ఎవరూ మమ్మల్ని కదిలించలేదు. ఇప్పుడు అనాథ శరణాలయాలన్నిటికీ కలిపి ఒక చట్టం వచ్చిందట. సర్కారు గుర్తింపు పత్రం లేకుండా పిల్లలను ఉంచుకుంటే నేరం. పత్రం కావాలంటే పిల్లల రిజిస్టరు తెలుగులో మూడు ప్రతులు రాసి, ప్రతి పుటకు బాధ్యుడు సంతకం చేసి పంపాలి. అందులో ఉన్నదంతా నిజమని కింద రాసి ఉంటుంది.

నేను నాలుగు రోజులు కూచుని ఉర్దూను తెలుగు చేశాను. దిద్దుకోవడానికి అంతకంటే మంచి సందు దేవుడు కూడా ఇవ్వలేడు. నర్మద వరుస దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగింది కూడా. కిటికీలోంచి చూస్తే లింగవ్వ ఎదురుగానే మొక్కజొన్న కంకులు వలుస్తోంది. తల్లి గడిలో "మరణించినది" అని రాశాను. మూడు ప్రతుల్లోనూ రాసి మూడుచోట్ల సంతకం చేశాను. బతికున్న మనిషిని ఎదురుగా చూస్తూనే ఆ మాట రాసేసింది, అలవాటైన చెయ్యి కదా.

నెలకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. లక్ష్మీకాంతరావు అని, గుంటూరు వైపు మనిషి. వచ్చేది ఆంధ్రా ఆఫీసరని వినగానే మేమంతా కొంచెం బిగుసుకున్నాం. తీరా చూస్తే మెత్తని మనిషి. వెంట ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని సావడి పొడవు వెడల్పు కొలిచాడు, బావిలో ఇంత మందు కలిపాడు, పిల్లల జబ్బల మీద టీకా మచ్చలు చూశాడు. మరుగుదొడ్లు రెండు కట్టించాలన్నాడు. లక్ష్మీకాంతరావుగారు మాత్రం పిల్లలను దగ్గరికి పిలిచి పేర్లడుగుతూ కూచున్నారు.

ఆ తర్వాత వరండాలో కూచుని దొరసానికి విషయం చెప్పారు. "అమ్మా, మీరు చేస్తున్నది చాలా గొప్ప పని. గుర్తింపు రావడానికి నేను గట్టిగా రాస్తాను. కాని అయిదేళ్లు దాటిన ఆడపిల్లలను విడిగా ఉంచాలని నిబంధన. వాళ్లకు వేరే గదులు, బడి, రాత్రి కాపలాకు ఒక మనిషి ఉండాలి. మీ దగ్గర లేవు. అలాంటివాళ్లు ఆరుగురున్నారు. వాళ్లను హైదరాబాదు ప్రభుత్వ సదనానికి మార్చాలి. మిగతా పన్నెండు మంది ఇక్కడే ఉంటారు."

దొరసాని మొహం గంటు పెట్టుకుంది. "ఆ ఆరుగుర్ని మళ్ల పంపుతరా?" అని అడిగింది.

"లేదమ్మా. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అక్కడే."

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. నేను చదివినప్పుడు మామూలుగా దాటిపోయిన మాటే. "ఒకటి గుర్తుంచుకోండి. తల్లి గాని తండ్రి గాని బతికి ఉండి నా బిడ్డను నేను పెంచుకుంటానని వస్తే, ఆ బిడ్డ అనాథ కాదు. వాళ్లకే అప్పగించాలి. ఎందుకు వదిలేశావని అడిగే హక్కు మనకు లేదు, వాళ్ల పేరు బయటపెట్టే హక్కు అంతకన్నా లేదు. రిజిస్టరులో తల్లి పేరుంటే చాలు."

మజ్జిగ గ్లాసులు తెచ్చిన లింగవ్వ ఆ మాటలన్నీ నిలబడి విన్నది. గ్లాసులు అందరికీ ఇచ్చి, ఖాళీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. దొరసాని కసిరితే గాని లోపలికి పోలేదు.

మర్నాడు పొద్దున నేను దస్త్రాలు సర్దుతుంటే వచ్చి గడప అవతల కూచుంది. "మున్షీ సాబ్, నిన్న గాయన జెప్పింది నిజమేనా? తల్లొచ్చి అడిగితె బిడ్డనిస్తరా?"

"కాయిదంల అట్లనే ఉన్నది."

"ఎందుకిడిసినవని అడగరా?"

"అడగరట."

ఆమె గోడ సున్నం గోటితో గీకుతూ కూచుంది. నేనే అన్నాను, "నీ అన్నలు ఊకుంటరా లింగవ్వా? జర సోంచాయించు."

"ఊకోరు. నరుకుతరు," అంది మామూలుగా. "నేనే ఎటన్న వోత. మందమర్రిల బాయిల కాడ పని దొరుకుతదట గద. బొగ్గు తట్టలు మోసెటోళ్లను ఎవ్వరి బిడ్డవని ఎవ్వలడుగుతరు? మొగడు సచ్చిండని చెప్త, బిడ్డ మొగని బిడ్డనే అని చెప్త. ఆరేండ్ల సంది నా పోరిని దొంగలెక్క సూస్తున్న మున్షీ సాబ్. ఒక్కనాడన్న నా బిడ్డా అని పిల్వలే. ఇప్పుడు హైద్రాబాద్ వంపితె మళ్ల సూస్తనో సూడనో. గాయనకు చెప్త నేను. నువ్వు గా రిజిస్టర్ల నా పేరు రాయి."

రిజిస్టరులో తన గురించి ఏముందో ఆమెకు తెలియదు. చదువు రాదు. తన పేరు అందులో లేదని మాత్రం అనుకుంటోంది, చనిపోయి ఉందని కాదు. ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది, అక్కడే నీళ్లు నమిలాను. "నేను చూసుకుంట తియ్యి," అన్నాను. అలా అన్నప్పుడు నాకు చూసుకునే ధైర్యం ఉందో లేదో నాకే తెలియదు. ఆమె మాత్రం లేచి నా కాళ్లకు దండం పెట్టి పోయింది.

మూడో రోజు దొరసాని దగ్గరికి వెళ్లాను. లింగవ్వ సంగతి చెబితే విని ఆమె కేకలేయలేదు. అదే నన్ను భయపెట్టింది.

"నీళ్లిడిసినంక ఇంకెక్కడి తల్లి ముత్యం?" అంది.

"చట్టం ఒప్పుకుంటదట దొరసానీ. పేరు దిద్దితె సాలు."

"దిద్దు. ఏమని దిద్దుతవ్? బతికున్నదాన్ని సచ్చిందని మూడు కాయిదాలమీద రాసి దస్కత్ వెట్టి పంపినవ్ గద. అది అబద్ధమని నువ్వే చెప్తివంటె మిగిలిన పదిహేడు ఎట్ల నమ్ముతడు గాయన? పోలీసోళ్లనేసి ఊరూరు తిప్పుతరు. మనకు బిడ్డనిచ్చి పోయిన కిష్టవ్వ యాదికున్నదా? కోరుట్లల కాపురం జేస్తున్నది, ఇద్దరు కొడుకులు. కమలవ్వ మొగడు పంచాయతిల సర్పంచుతోని పక్కపొంటి కూసుంటడు. ఆళ్లింటి ముంగట జీపు ఆగితె ఏమైతది? నేను ఆళ్లకు మాటిచ్చిన."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. అందుకే ఇన్నేళ్లుగా దాన్ని అడ్డం పెట్టుకుని నిద్రపోగలిగాను. కాని నిజం చెప్పాలంటే ఆ రోజు నా మనసులో కిష్టవ్వ లేదు, కమలవ్వ లేదు. మూడుచోట్ల ఉన్న నా సంతకం ఉంది. తప్పుడు రిజిస్టరు రాసిన మున్షీ జైలుకు పోయాడని మా వీధిలో చెప్పుకుంటారని భయం ఉంది. భయపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను.

లింగవ్వ రోజూ నా మొహం చూసేది. నేను చాటేసేవాణ్ని. ఒకసారి ఎదురుపడి అడిగితే, "అధికారి మళ్ల వచ్చిననాడు మాట్లాడుదాం," అని తప్పుకున్నాను. దాన్ని ఆమె మంచి మాటగా తీసుకుంది. ఆ తర్వాత అడగలేదు. ఆ వారంలోనే తన రెండు చీరలు ఉతికి మడత పెట్టుకుంది. మందమర్రికి ఏ బస్సు పోతుందో, ఎక్కడ మారాలో కూరగాయలమ్మే ఆమెను అడిగి తెలుసుకుందని తర్వాత తెలిసింది.

లక్ష్మీకాంతరావుగారు వ్యాను తీసుకుని వచ్చింది ఒక బుధవారం, పదకొండు గంటల వేళ. ఎండ మండిపోతోంది. ఆరుగురు ఆడపిల్లలకు దొరసాని కొత్త లంగాలు కుట్టించింది. వాళ్లకు వ్యాను ఎక్కుతున్నామనే సంబరం తప్ప ఇంకేమీ తెలియదు. దొరసాని వరండాలో కుర్చీ వేయించుకుని కూచుంది. మొదటి అయిదుగురు ఎక్కారు. నర్మదను పిలిచినప్పుడు లింగవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అధికారి ముందుకు వచ్చింది.

"సార్, గీ పోరి నాది," అంది.

ఆయనకు అర్థం కాలేదు. "ఏమన్నావమ్మా?"

"నా బిడ్డ సార్. నర్మద నా బిడ్డ. నేను గన్న. గీ ఊరికి నేనే తెచ్చి దొరసాని చేతిల వెట్టిన. ఇప్పుడు నేనే సాదుకుంట. తల్లి అడిగితె ఇస్తమని మీరే చెప్పిన్రు గద సార్." మాట తడబడలేదు. ఎన్ని రోజులు సాధన చేసిందో పాపం.

ఆయన రిజిస్టరు తిరగేశారు. వేలు పెట్టి ఒక వరుస చదివి తలెత్తారు. "ఈ పిల్ల తల్లి చనిపోయినట్టుంది కదమ్మా ఇందులో."

"సావలే సార్! గీన్నే ఉన్న గద. మున్షీ సాబును అడుగుండ్రి, గాయనకు ఎరికే."

అందరూ నావైపు తిరిగారు. లింగవ్వ మొహంలో అనుమానం లేదు. నేను చూసుకుంటానన్నాను కదా, చూసుకుంటానని నమ్మకం.

ఆయన నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగారు. "ముత్యంగారూ, ఇది మీ చేతిరాతే కదా. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. ఏదో పొరపాటు దొర్లి ఉంటుంది, మనుషులం, దొర్లుతుంది. ఈ ఒక్కటీ ఇక్కడే దిద్దుకుందాం. నేను చూస్తాను."

అంతకన్నా ఎవరేం చేస్తారు? ఆ మనిషి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు, నేను అడుగు వేస్తే చాలు. దొరసాని వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, ఒళ్లోని చేతుల వైపు చూసుకుంటోంది. చెప్పొద్దని సైగ అయినా చేయలేదు. చేసి ఉంటే నాకు బాగుండేది.

"లేదు సార్," అన్నాను. "తల్లి చనిపోయింది. లింగవ్వ పాలిచ్చి పెంచింది, గందుకే పాణం కొట్టుకుంటున్నది."

నా గొంతు చక్కగా వచ్చింది. నమ్మదగిన గొంతు.

ఆయన కాసేపు నా మొహమే చూశారు. నమ్మారో లేదో ఇప్పటికీ తెలియదు. తర్వాత లింగవ్వ దగ్గరికి వెళ్లి, "అమ్మా, పాలిచ్చి పెంచినదానివి, నీ బాధ నాకు తెలుస్తోంది. కాని కాగితం లేకుండా నేనేం చేయలేను. సదనంలో ఆయాగా చేరతావేమోనంటే అయిదో తరగతి చదివి ఉండాలని పెట్టారు," అన్నారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

లింగవ్వ అరుస్తుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను, నా జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. అలా చేసి ఉంటే నేను కాళ్లమీద పడిపోయేవాణ్నేమో. ఆమె నా వైపు తిరిగి, "మున్షీ," అంది. అంతే. సాబ్ అనలేదు.

మేము పెద్దవాళ్లం ఎప్పుడూ మరిచిపోయేది ఒకటుంది, పిల్లలకు చెవులుంటాయని. నర్మద ఇదంతా వింటూనే ఉంది. ఆరేళ్ల పిల్ల, రెండు జడలతో, కొత్త లంగా కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని. నా దగ్గరికి వచ్చింది.

"మున్షీ సాబ్, నాకు గుడ అవ్వ ఉండెనా?"

"ఉండె బిడ్డా."

"సచ్చిపోయిందా?"

అధికారికి చెప్పగలిగాను గాని ఆ పిల్లకు చెప్పలేకపోయాను. ఎక్కడో వ్యానులో పిల్లలు నవ్వుతున్నారు, డ్రైవరు హారన్ మోగించి వాళ్లను ఇంకా నవ్విస్తున్నాడు. జవాబు చెప్పింది లింగవ్వ.

"సచ్చిపోయింది బిడ్డా," అంది వంగి, ఆ పిల్ల లంగా నాడా బిగించి కడుతూ. "నువ్వు ఇరవై దినాల పిల్లప్పుడే సచ్చిపోయింది."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"ఆమె నాకెరికే. యాదికొచ్చింది."

నర్మదకు ఇది కొత్త సంగతి. కళ్లు పెద్దవి చేసింది. "ఎట్లుంటుండె?"

లింగవ్వ ముడి వేయడం ఆపింది. "నాలెక్కనే ఉంటుండె," అంది.

"మంచిగ చూసుకునేదా?"

"పిరికిది," అంది లింగవ్వ. "గని నువ్వంటె మస్తు పాణం."

ఆ పిల్ల తల ఊపింది, ఏదో లెక్క సరిపోయినట్టు. తర్వాత, పెద్దమనిషిలాగా లింగవ్వ చెంప మీద చెయ్యేసి, "ఏడ్వకు లింగవ్వా, నేను పెద్దగైనంక వస్త గద," అని చెప్పి వ్యాను వైపు పరిగెత్తింది. కిటికీ పక్క చోటు కోసం తక్కినవాళ్లతో తగువు పడటం వినిపించింది.

లక్ష్మీకాంతరావుగారు జాబితా నా చేతికిచ్చి, ఎక్కినవాళ్ల పేర్ల ఎదురుగా గుర్తు పెట్టి సంతకం చేయమన్నారు. లింగవ్వ నా పక్కనే నిలబడి చూస్తోంది. ఇందులో నర్మద పేరేదని అడిగింది. వేలు పెట్టి చూపించాను. అక్షరాలు రాని ఆ మనిషి ఆ గీతల వైపే చూస్తుండగా, ఆ పేరు ఎదురుగా గుర్తు పెట్టాను.